నరకుడి కళ్ళు

అరవై దాటినా మా హైమావతి మేడం సత్యభామ వేషం వదలదు. తెనాలి నుంచి ఏ ఊరికి మా నృత్యనాటకం పట్టుకెళ్ళినా ఆవిడే సత్యభామ, నేనే నరకాసురుడు. మీసాలు అంటించుకుని, ఆవిడ బాణం తగిలి చచ్చి, ఆవిడ గెలిచిన సంబరంలో నా చుట్టూ ఆడుతుంటే శవంలా పడి ఉండటం. అదీ నా కెరీర్. ఆ చివరి నాట్యం మాత్రం ఎవరికీ నేర్పదు.

పైగా ఒక రూలు. "చచ్చాక కళ్ళు మూయకు అనూ. రాక్షసులు కళ్ళు తెరిచే చస్తారు." ఏ పురాణంలో ఉందో ఆవిడకే తెలియాలి. రేపల్లెలో దోమలు నేరుగా నా కళ్ళలోకే వచ్చాయి.

ఈసారి బాపట్లలో, ఇంకాసేపట్లో తెర లేస్తుందనగా, మీసాలు పీకి ఆవిడ ఒళ్ళో పడేశాను. "ఇక నేను చావను మేడం. మీరే చావండి!"

ఆవిడ కోప్పడలేదు. తన పెట్టుడు జడ విప్పి నా తలకి కట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పటికిప్పుడా? ఆ చివరి నాట్యం నాకు ఒక్క అడుగు కూడా నేర్పలేదు కదండీ!"

"నేర్పకపోవడమేంటే మొద్దూ? ఇన్నేళ్ళూ నా కాళ్ళ పక్కనే, కళ్ళు తెరిపించి మరీ పడుకోబెట్టాను కదా!" అంటూ మీసాలు అంటించుకుంది.

తన రూలు తనకి లేదట. నా బాణం తగిలి పడగానే, హాయిగా కళ్ళు మూసుకుంది.