మంత్రిగారు ఇచ్చిన ఇల్లు

ఇస్త్రీ ఆవిడ లోపలి నుంచి గడియ పెట్టేసింది.

బయట ఆఫీసరు తలుపు దబదబా బాదాడు. మంత్రిగారు ఆవిడనీ ఆవిడ అత్తనీ కొత్తింట్లో నిలబెట్టి, తాళంచెవి చేతిలో పెట్టి, ఫోటోలు దిగి, చప్పట్లు కొట్టించుకుని కారెక్కారు. ఇక తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పొమ్మంటే ఈవిడ అడ్డం తిరిగింది. పోవడానికి ఆవిడకు ఇల్లెక్కడిది? ఈ సభకు అడ్డమనేగా పొద్దున్నే పాక పీకి పారేశారు.

“ఇది ఊరికే చూపించడానికమ్మా. నీ ఇల్లు తర్వాత వస్తుంది,” అని తలుపు సందులోంచి బతిమాలాడు.

“వచ్చేదాకా ఇందులోనే ఉంటాంలెండి,” అంది ఆవిడ.

అత్త మూతి తిప్పింది. ఈ మొహానికి ఇల్లివ్వడం కూడానా, ఓటుకు ముందు పిన్నీ అంటాడు, తర్వాత ఎవరు నువ్వంటాడు అని మంత్రిని దుమ్మెత్తిపోసింది.

ఆఫీసరు గునపం కోసం పరిగెత్తాడు. ముసలిదానికి ఈ రాత్రికి తల దాచుకునే చోటు దొరికిందిలే అని కోడలు ఊపిరి పీల్చుకునేలోపే నేల కదిలింది.

అత్త హడలిపోయి గోడ పట్టుకుంది. కోడలు కిటికీ తెరిచి చూస్తే కరెంటు స్తంభాలు వెనక్కి పోతున్నాయి. ఇంటికి చక్రాలున్నాయి. చుట్టూ రంగు గుడ్డలు కట్టి దాచారు, సిగ్గులేని వెధవలు. లోపల మనుషులున్నారని తెలియని డ్రైవరు, తర్వాతి సభకు ఆలస్యమైందని బండి లాగించేస్తున్నాడు.

“కేకేసి దిగుదామా అత్తా?”

“దిగి ఎక్కడికి పోతామే? కూర్చో.”

బండి ఆగింది. బయట జనం, మైకు. మంత్రిగారు పొద్దున చెప్పిన ఉపన్యాసమే పొల్లు పోకుండా అప్పజెప్పారు. గొంతు కూడా పొద్దున బొంగురుపోయిన చోటే బొంగురుపోయింది. ఇల్లు లేని మనిషంటూ ఇక ఉండరన్నారు. రిబ్బను తెగింది. ఎవరో కొత్త ఆవిడకు ఇంకో తాళంచెవి ఇచ్చి, పదమ్మా నీ ఇంట్లోకి అంటూ ఆయనే స్వయంగా తలుపు తోశారు. తెరుచుకోలేదు. మళ్లీ తోశారు. జనం చూస్తున్నారు. చేసేది లేక తలుపు తట్టారు.

కోడలు చీర సర్దుకుని గడియ తీసింది.

“ఎవరు కావాలండీ?”