సున్నం డబ్బా

ఆ కోటగోడ వెయ్యేళ్లది. ఏడు ఏనుగులు వరసపెట్టి గుద్దితే ఏనుగులకే తలనొప్పి వచ్చింది గాని, గోడకి చీమ కుట్టినట్టయినా లేదు.

అలాంటి గోడా, దాని కింద పార్కూ కొత్త అధికారి చేతికొచ్చాయి. గోడకి ఏమన్నా అయితే ఉద్యోగం ఊడుతుందని పైవాళ్లు ముందే చెప్పి పంపారు.

మొదటిరోజే ఓ ముసలాయన దొరికిపోయాడు. నిచ్చెనెక్కి, గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కల్ని వేళ్లతో సహా పీకుతున్నాడు.

"ఏయ్ పెద్దాయనా! బోర్డు కనపడలేదా? మొక్క పీకితే జరిమానా!"

"ఇది మొక్క కాదు బాబూ, మేకు. ఇవాళ నా వేలంత ఉంది. నాలుగు వానలు పడితే నీ నడుమంత అవుతుంది."

"నా నడుం గొడవ నీకెందుకు? దిగు ముందు!"

వాచ్‌మన్ కర్ర ఝళిపించాడు. "ఇంకోసారి కనపడ్డావో, సున్నంలోకి ఎముక మిగలదు!"

"సున్నం నా దగ్గరే ఉందిలే," అంటూ ముసలాయన చేతిలో డబ్బా చూపించాడు. పీకిన చోటల్లా అందులోంచి తడిసున్నం తీసి కూరుతున్నాడు.

అధికారికి నవ్వొచ్చింది. మింగేశాడు. డబ్బా లాక్కుని, ముసలాయన్ని గేటు దాటించాడు.

"ఎడమ బురుజు ఒక్కటన్నా చూసుకో బాబూ," అన్నాడాయన వెళ్తూ వెళ్తూ.

రెండేళ్లలో గోడ పచ్చగా కళకళలాడింది. అధికారి దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు.

మూడో ఏడు వానల్లో, ఒక మధ్యాహ్నం, ఎడమ బురుజు అలిసిపోయిన మనిషిలా కూలబడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. రాళ్ల మధ్య రావి వేరు సరిగ్గా అధికారి నడుమంత ఉంది.

వెయ్యేళ్లన్నానా? మూడొందలే లెండి.

"పాత మరమ్మతు కాగితాలేవీ?" అన్నారు పైవాళ్లు.

గుమాస్తా వంగి, అధికారి బల్ల ఊగకుండా కాలికింద పెట్టిన ఫైలు లాగాడు.

నలభై ఏళ్ల కిందట అదే బురుజు కూలితే, రాయి రాయికీ నంబరు వేసి తిరిగి నిలబెట్టిన మేస్త్రి ఫొటో. చేతిలో అదే డబ్బా. కింద ఆయన రాత: "ఏటా వానలకి ముందు రావి మొక్కలు పీకాలి. ఓపికున్నన్నాళ్లూ నేనే పీకుతాను. ఎవరూ చెప్పనక్కర్లేదు."

అధికారి డబ్బా పట్టుకుని ఫైల్లో ఉన్న చిరునామాకి పరుగెత్తాడు.

మేస్త్రి తలుపు తీసి, డబ్బా అందుకుని, "నడుం ఎలా ఉంది బాబూ?" అని నవ్వాడు.

ఏనుగులు మా తాత చెప్పినవి, వాటి పాపం నాది కాదు. నేను కల్పించింది ఒక్కటే: అప్పటికి ఏడాది కిందటే పోయిన మేస్త్రి చేత తలుపు తీయించాను.