నేలవైపు తిప్పకు

కోల్డ్ స్టోరేజీలో చలి ఎక్కడ కారిపోతోందో తెల్లారేలోగా పట్టుకోకపోతే సరుకంతా పాడవుతుంది. వేడి ఉన్నచోట తెల్లగా చూపించాల్సిన థర్మల్ కెమెరాలో మెకానిక్‌కి అంతా ఒకటే బూడిదరంగు. పగలు దాన్ని వాడింది బావమరిది. వాడు ముట్టుకున్నది ఏదీ సవ్యంగా ఉండి చావదు. ఒళ్లు మండి వాడికి ఫోన్ చేశాడు.

“కాంట్రాస్ట్ ఇంత తగ్గించి పెట్టావేంట్రా? గోడకీ నేలకీ తేడా తెలిసి చావట్లేదు.”

“కావాలనే తగ్గించా బావా. అలాగే ఉండనీ.”

“ఉంటే లీకు మీ తాతొచ్చి కనిపెడతాడా?”

“పోనీ, గోడవైపే చూడు. నేలవైపు తిప్పకు.”

పళ్లు నూరుకుంటూ ఫోన్ పెట్టేసి, కాంట్రాస్ట్ పూర్తిగా పెంచాడు. గోడ మూలన సన్నటి తెల్లగీతలా లీకు దొరికింది. ఈ మాత్రానికి అంత రాద్ధాంతమా అని విసుక్కుంటూ కెమెరా దించాడు.

తలుపు దగ్గర్నుంచి తన బూటు గుర్తులు తెల్లగా కనిపించాయి. వాటి పక్కనే, అడుగుకి అడుగు, వట్టికాళ్ల గుర్తులు. కళ్లతో చూస్తే ఖాళీ సిమెంటు నేల.

వేడి చల్లారేకొద్దీ రెండు వరసలూ వెనకనుంచి మసకబారుతున్నాయి. తన బూట్ల పక్కన ఆగిన జత మాత్రం మసకబారడం లేదు.