రంగు కారిన చార

"ఛీ, ఇదీ ఒక కారేనా? ముందు పందిమూతి, వెనక బట్టలారేసుకునే దండెం," అన్నాడు మా మామ ఎల్వుడ్, నా కారు చూసి.

డెట్రాయిట్‌లో పాతకార్ల పోటీకి ఆయన్ను బతిమాలి తీసుకొచ్చాను. వచ్చినవాళ్లలో సగంమంది వెనక ఎత్తైన రెక్క ఉన్న నా పాత రేసు కారు చుట్టూ మైమరచి తిరుగుతున్నారు. మిగతా సగం మామలాగే మొహం చిట్లిస్తున్నారు.

జడ్జి మోకాళ్లమీద కూర్చుని రెక్క అడుగున టార్చి వేశాడు.

"ఇదిగో, రంగు కారిన చార. అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చేవి. మిగతావాళ్లంతా నున్నగా చేసి చెడగొట్టారు," అని మెచ్చుకుని కప్పు నాకే ఇచ్చాడు.

ఆ చార నేనే పెట్టాను. పాత ఫొటోలు ముందేసుకుని, సన్న కుంచెతో, చలికాలం ఆదివారాలన్నీ దానికే ధారపోశాను.

"ఇప్పుడేమంటావు మామా?" అన్నాను.

మామ ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఫ్యాక్టరీలో కార్లకు రంగులు వేసేవాడు. ఆ పని ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వంగి, వేలితో చారను తడిమి చూశాడు. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"థూ. ఇలాంటి చార ఒక్కటి పడిందనే, అల్లుడూ, నన్ను గేటు బయటికి గెంటారు."