కుడి వెనక చక్రం

"ఆ అద్దం మీద చెయ్యి వేస్తే గార్డును పిలుస్తాను" అన్నాడు మ్యూజియం డైరెక్టర్.

"పిలవండి. అతనూ చూస్తాడు" అన్నాడు ముసలి మెకానిక్. చెయ్యి తియ్యలేదు.

గాజుపెట్టెలో ఉన్నది చక్రం నట్టు. అరచేయంత ఉంటుంది, మూడు చెవులుంటాయి. పాత రేసు కార్లకు చక్రానికి ఒకటే నట్టు. చెవుల మీద సుత్తితో కొట్టి బిగించేవారు.

పెట్టె కింద ఇత్తడి పలక. 'డ్రైవర్ దుడుకుతనానికి ఊడిపోయిన చక్రం. చేజారిన చాంపియన్‌షిప్.' దాని కింద చిన్నక్షరాల్లో: 'పందెం మధ్యలో చక్రాలు మార్చే పిట్‌లో, కుడి వెనక చక్రానికి ఎక్కించిన కొత్త నట్టు; ట్రాక్ మీద దొరికింది.' పక్కన తెర. మీట నొక్కితే చక్రం కారును దాటిపోయి తనొక్కటే గీత దాటే దృశ్యం, దాని వెనక నవ్వులు. గదికి కొత్తగా పేరు పెట్టారు: 'మహా పొరపాట్లు'. పది గంటలకు తెరవాలి. గుమ్మం బయట అభిమానులు అప్పుడే వరస కట్టారు.

"ఆ నవ్వులు మీరు చేర్చారా?" అని అడిగింది మెకానిక్ వెంట వచ్చిన ఆవిడ.

"చరిత్రను జనానికి దగ్గర చెయ్యాలమ్మా. ఇదివరకు ఈ పెట్టె ముందు ఈగ కూడా ఆగేది కాదు. నిన్న బడిపిల్లలకు చూపిస్తే పడీపడీ నవ్వారు."

"ఆ కారులో ఉన్నది మా నాన్న. ఆ తరవాత ఆయనకు ఏ టీమూ కారివ్వలేదు. బళ్లో నన్ను 'ఊడిన చక్రం' అని పిలిచేవారు."

డైరెక్టర్ టై సర్దుకున్నాడు. "రికార్డుల్లో ఉన్నదే రాశాం."

"రికార్డు రాసింది టీము యజమాని. టీముది తప్పంటే టైర్ల కంపెనీ డబ్బు ఆపేస్తుంది. డ్రైవర్‌ది అంటే ఎవరికీ నష్టం లేదు" అన్నాడు మెకానిక్.

"ఉత్తరాల పెద్దాయన మీరేనా? పదకొండు రాశారు?"

"పన్నెండు. ఒకటి మీవాళ్లు పారేసినట్టున్నారు. ఆ టీములో పదిహేనేళ్లు ఎడమవైపు చక్రాల మనిషిని. పెట్టె తెరవండి. నా మాట అబద్ధమైతే ఈ అమ్మాయే మీ మీట నొక్కి నవ్వుతుంది."

గొడవ విని గార్డు వచ్చాడు. వాడి వెనకే వరసలో ముందున్నవాళ్లూ లోపలికి జొరబడ్డారు. ఒకడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. అంతమంది ముందు ముసలివాణ్ణి గెంటించడం బాగుండదనుకున్నాడో ఏమో, డైరెక్టర్ తాళం తీశాడు.

"చెవులు చూడండి. మా సుత్తులు రాగివి. చారలున్నాయా?"

"ఉన్నాయి."

"ఏ పక్కన?"

డైరెక్టర్ నట్టును తిప్పి చూశాడు. "మూడింటికీ ఒకే పక్కన."

"అది విప్పే పక్క."

"విప్పినప్పుడు పడ్డవే కావచ్చుగా?"

"ఎవరు విప్పారు? ఆ రోజు పిట్‌లో ఎక్కించిన కొత్త నట్టని మీరే రాశారు. ట్రాక్ మీద దొరికిందనీ మీరే రాశారు. ఒక్కసారి ఎక్కిన నట్టుకి విప్పే దెబ్బలెందుకుంటాయి?"

"అంటే, ఆ రోజు బిగించాల్సినవాడు కొట్టనే లేదంటారా?" అన్నాడు డైరెక్టర్.

"కొట్టాడు. దిక్కు మార్చి కొట్టాడు" అన్నాడు మెకానిక్. సంచిలోంచి రాగి సుత్తి తీసి డైరెక్టర్ చేతికిచ్చాడు. పక్కన స్టాండు మీదున్న పాత కారును చూపించాడు. "కుడి వెనక చక్రం. నట్టు చేత్తో ఎక్కించి ఉంది. బిగించండి."

డైరెక్టర్ టై భుజం మీదికి వేసుకుని, కుళాయి కట్టేసినట్టు కుడికి కొట్టాడు. రెండు దెబ్బలకు చక్రం ఊగింది. మూడో దెబ్బకు నట్టు ఊడి ఆయన బూటు మీద పడింది.

"అబ్బా!"

జనం గొల్లుమన్నారు.

"ఇప్పుడు నవ్వండి" అన్నాడు మెకానిక్. "ఎడమ చక్రాలు అలాగే బిగుస్తాయి. కుడి చక్రాలకు మర ఎదురు. అది మరిచిపోయిన గాడిద ఒకడు కొట్టాడు. ఊడీ ఊడని ఆ చక్రంతో ఆయన రెండు మలుపులు తిరిగాడు. దుడుకుతనం కాదు, అది పనితనం."

వరసలోంచి ఎవరో ఆ డ్రైవర్‌కు అభిమానులు పెట్టుకున్న పేరు అరిచారు. "తూనీగ!" ఇంకొకడు అందుకున్నాడు. కాసేపట్లో గది గదంతా అదే అరుపు. "తూనీగ! తూనీగ!" కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

డైరెక్టర్ మంచివాడు కాకపోయినా మూర్ఖుడు కాదు. స్క్రూడ్రైవర్ తెప్పించి, మోకాళ్ల మీద కూర్చుని, పలక తనే విప్పాడు.

"ఈ తెర ఊడబీకండి" అన్నాడు గార్డుతో. "ఇక్కడ చక్రం పెడదాం, సుత్తి పెడదాం. వచ్చినవాళ్లు కొట్టి చూసుకుంటారు. తెలిసొస్తుంది."

చప్పట్లు ఆగలేదు. వరస అప్పుడే సుత్తి వైపు తిరిగింది.

"కొత్త పలక రాయించాలి" అన్నాడు డైరెక్టర్. "మెకానిక్ పొరపాటు అంటే సరిపోతుంది. పేరెందుకులెండి. అతనికీ పెళ్లాం పిల్లలుంటారు."

"మా నాన్నకు లేమా?" అంది కూతురు. "పేరుండాలి. వాణ్ణి నేను జన్మలో క్షమించను బాబాయ్."

"క్షమించకు" అన్నాడు ముసలాయన.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకోబోయింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు.

"ఇంతకీ ఆ పేరు మీకు తెలుసా?" అని డైరెక్టర్ కలం తీశాడు.

"ఆ పొద్దున కుడివైపు మనిషికి చెయ్యి కాలింది. ఎడమవైపు వాణ్ణి అటు నిలబెట్టారు" అన్నాడు మెకానిక్. జేబులోంచి తన పాత టీము కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "పెద్దక్షరాల్లో రాయించండి."