హైమవతి ఓటు

శాసనసభ్యులు పాత ఓట్లను మార్చుకోవచ్చన్న చట్టం వచ్చి పదేళ్లయింది. సభ్యులు పోతే ఆ హక్కు వారసులది. మాజీ సభ్యురాలైన నా భార్య హైమవతి పెద్దకర్మ మర్నాడు రికార్డుల గుమస్తా పోతురాజు వేలిముద్రల పలకతో ఇంటికొచ్చాడు.

"మాస్టారూ, ఏడూళ్లను ముంచిన జలాశయం బిల్లుకి ఆనాడు ఎనభై మంది ఔనన్నారు. మిగతా అందరూ కాదని మార్చేసుకున్నారండి. ఇప్పుడు అమ్మగారొక్కరే ముంచినట్టుంది. ఇక్కడ వేలు పెట్టండి, ఆ మచ్చ పోద్ది."

వేలు చాచాను. ఏటా ఆమె నిర్వాసితుల కాలనీకి వెళ్లి, గడపగడపకూ తలవంచి క్షమాపణ అడిగేది. నిరుడు చేతికర్రతో వెళ్లింది.

వేలు వెనక్కి తీసుకున్నాను.

"రేపు బళ్లో ఇది చదివే పిల్లలు ఆవిడనే తిట్టుకుంటారండి!"

"తిట్టుకోనీ పోతురాజూ. ఆ ఓటు వేయలేదంటే, ఆమె క్షమాపణలన్నీ అబద్ధమవుతాయి."