గ్రహణం పూట పీతలు

కీర్తన ఉబ్బిన బుగ్గల మీద రెండు వాతలు, వేలెడంత, నల్లగా.

డాక్టర్ రోజారమణి వేలు అక్కడే ఆగింది. ఇవెవరు పెట్టారని అడిగింది.

తల్లి సాయిదుర్గ తలదించుకుంది.

పెట్టింది అత్త తవిటమ్మ, కాల్చిన పసుపుకొమ్ముతో. పిల్ల కాళ్ళు పట్టుకున్నది మొగుడు దొరబాబు. తల పట్టుకున్నది తనే.

కోడలు కడుపుతో ఉండి గ్రహణం పూట పీతలు కోసిందనీ, అందుకే పిల్లకు దవడలు పొంగి కళ్ళు పైకి తిరిగాయనీ తవిటమ్మ మూడేళ్ళుగా ఫిషింగ్ హార్బరంతా చెప్పుకొచ్చింది. సాయిదుర్గ నమ్మింది. తన చేతులంటే తనకే రోత. ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోయేది కాదు.

ఇది చెరూబిజం అంది డాక్టర్. దవడ ఎముకలకు వచ్చే అరుదైన జబ్బు. చాలామందికి పెద్దయ్యాక దానంతటదే సర్దుకుంటుంది. పీతలకూ దీనికీ సంబంధం లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు. చిన్నప్పుడు మీలో ఎవరికైనా ఉండేదా?

లేదన్నాడు దొరబాబు, ఆమె అడగడమే తడవుగా.

అయినా ఇద్దరికీ ఎక్స్‌రే తీయించింది. సాయిదుర్గ దవడలో ఏమీ లేదు. దొరబాబు దవడలో పాత జబ్బు మానిన జాడలున్నాయి.

బస్టాపుకొచ్చాక అతనే నోరు విప్పాడు.

"సిన్నప్పుడు నాకూ ఇలాగే ఉండేవి. పెద్దయ్యాక తగ్గిపోనాయి. ఎవులకీ సెప్పొద్దంది అమ్మ."

అతని నోట్లోంచి ఖైనీ వాసన కొట్టింది. పెళ్ళైనప్పటి నుంచీ పక్కలో భరించిన వాసనే. సాయిదుర్గ ఒకడుగు వెనక్కి వేసింది.

"తగ్గిపోద్దని తెలిసే దాని కాళ్ళట్టుకున్నావా మావా?"

"అమ్మ ముందర నానేటనగలను?"

ఆమె కాలవ దగ్గరకు పరిగెత్తి కక్కింది. పొద్దున తిన్నదంతా పోయింది. వీపు రాయబోయిన అతని చేతిని విదిలించి కొట్టింది.

కీర్తన నీళ్ళ సీసా అమ్మకిచ్చి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, మరి నీకూ వాతలెట్టినారా?"

అతను బస్సు వచ్చే వైపు చూశాడు.

హార్బరు బస్సు రానే వచ్చింది. దొరబాబు ముందే ఎక్కి, కిటికీ పక్క సీటు మీద తుండుగుడ్డ వేసి, వీళ్ళను రమ్మని చెయ్యూపాడు.

సాయిదుర్గ పక్కనున్న ముసలామెను అడిగింది, భీమిలిలో అమ్మ వాళ్ళింటికెళ్ళాలి, ఆ బస్సు ఇక్కడే ఆగుతుందా అని.